ఖాళీగా ఉన్న అయిదేళ్ళు

మా చెల్లెలి కూతురు ఫిజిక్స్‌లో డాక్టరేట్ పూర్తిచేసి, నాలుగు రోజులుండి పోదామని ఈమధ్య మా ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడే గది తలుపులు వేసుకుని కంప్యూటర్ ముందు కూచుంది. ఏమిటే అంటే క్లాసంది. నీ చదువు అయిపోయింది కదే అంటే, ఇది చదువయ్యాక చదివే చదువట. డాక్టరేట్ అయినవాళ్ళు కంపెనీ ఉద్యోగాలకి ఎలా తయారవ్వాలో అందులో నేర్పుతారట. అంటే, ఇంత చదువుకున్నామన్న సంగతి ఎదుటివాళ్ళకి కోపం రాకుండా ఎలా చెప్పాలో నేర్పుతారన్నమాట.

"మీ పరిశోధన ఏమిటో రెండు నిమిషాల్లో మీ బామ్మకి అర్థమయ్యేటట్టు చెప్పండి" అని ఆ మాస్టారు పురమాయించాడు. మా ఇంట్లో బామ్మ లేదు. పిల్ల నన్ను కూచోబెట్టి మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. అర్థం కాక కాదు, మొదటి వాక్యానికే బిలాస్‌పూర్ గుర్తొచ్చి నవ్వు తన్నుకొచ్చింది. పిల్ల మొహం మాడ్చుకుని లేచిపోయింది.

చెప్పినా నమ్మదు గానీ, ఈ విద్యని ఎవరూ నేర్పకుండానే బిలాస్‌పూర్‌లో మేమున్న రైల్వే కాలనీలో ఒకతను ఏళ్ళతరబడి సొంతంగా సాధన చేశాడు. ఎనభైల చివర, తొంభైల మొదట్లో సంగతి. అతని పేరు చెప్పను. చెబితే బాధపడేవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆ పేరు ముందు ఏం పెట్టి రాయాలన్న దగ్గరే వచ్చింది గొడవంతా.

మా క్వార్టర్ల వరసలో మాది చివరిది, వాళ్ళది మా పక్కది. వరసంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. తాతల నాడు బొగ్గు ఇంజన్లతో పాటు వచ్చి, బొగ్గు ఇంజన్లు పోయినా తాము పోకుండా ఉండిపోయిన కుటుంబాలు. వాళ్ళ నాన్నగారు గూడ్సు డ్రైవరు. మా ఆయన ఇంజన్ల షెడ్‌లో పనిచేసేవారు, నేను రైల్వే స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. అతను మా ఆయన్ని అన్నయ్యా అనేవాడు కాబట్టి నేను వదినని. వదిన అన్నాక ఆటపట్టించే హక్కు దానంతట అదే వస్తుంది. ఆ హక్కుని నేను ఏనాడూ వృథా పోనివ్వలేదు.

కాలనీ మొత్తంలో డాక్టరేట్ చేసిన మొదటివాడు అతనే. జ్వరానికి మందిమ్మని వచ్చినవాళ్ళ కథ ఇక్కడ చెప్పను, అది ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. అతను పరిశోధించింది స్ఫటికాల మీద. స్ఫటికాన్ని నలగ్గొడితే, పగిలే క్షణంలో దాంట్లోంచి రవ్వంత వెలుగు వస్తుందట. ఎందుకు వస్తుంది, ఎంత వస్తుంది, ఎంతసేపు ఉంటుంది అన్నదాని మీద అయిదేళ్ళు పనిచేశాడు. ఎక్కడో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి, చీకటిగదిలో కూచుని, చిన్న చిన్న పలుకులు పగలగొట్టి ఆ వెలుగుని కొలిచాడు. అంతా అయ్యాక సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చి, "కాలేజీల్లో పాఠాలు చెప్పను, ఇండస్ట్రీకి వెళ్తాను" అని ప్రకటించాడు. కాలేజీలవాళ్ళు కూడా ఇతన్ని రమ్మనలేదు, అది వేరే సంగతి.

ఇండస్ట్రీ అంటే ఏమిటో మాకు ఎంత తెలుసో అతనికీ అంతే తెలుసు. అతను జన్మలో చూసిన ఇండస్ట్రీ మనిషి ఒక్కడే. ఓసారి స్టేషన్లో ఫస్టు క్లాసు వెయిటింగ్ రూము ముందు ఎవరో పెద్దమనిషి బ్రీఫ్‌కేసు ఒళ్ళో పెట్టుకుని వాచీ చూసుకుంటూ కూచున్నాడట. ఎవరితోనూ మాట్లాడలేదట, చాయ్‌వాలా వస్తే కళ్ళతోనే వద్దన్నాడట. అంతే, ఇతనికి గురువు దొరికాడు. ఆ వారంలోనే బ్రీఫ్‌కేసు వచ్చింది. కూరగాయలకి వెళ్ళినా దానితోనే వెళ్ళేవాడు. అదేమిటయ్యా అంటే, "చేతికి అలవాటు కావాలి వదినా" అనేవాడు. బెండకాయలు మాత్రం అందులో నలగకుండా వచ్చేవి, ఆ మాట ఒప్పుకోవాలి.

పోటీపరీక్షల పత్రికలో ఇంటర్వ్యూ చిట్కాలని పడుతుండేవి. అడిగిన ప్రశ్నని ముందు మీరోసారి తిరిగి చెప్పండి, ఆలోచించుకోడానికి టైము దొరుకుతుంది అని అందులో ఎవడో మహానుభావుడు రాశాడు. ఆ చిట్కా ఇతని ఒంటికి బాగా పట్టింది. వాళ్ళమ్మగారు "కూరలో ఉప్పు సరిపోనాదేట్రా?" అంటే, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, "ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నావు" అని, కాస్త ఆగి, "దీన్ని రెండు విధాలుగా చూడొచ్చు" అనేవాడు. "సూసినది సాలు, తిను" అనేది ఆవిడ. జవాబు చెప్పేముందు లేని టై ముడిని గొంతు దగ్గర సవరించుకునేవాడు, బనీను మీద ఉన్నప్పుడు కూడా. ఎవరెంత వేళాకోళం చేసినా కోపం తెచ్చుకునేవాడు కాదు. "ప్రొఫెషనల్‌గా ఉండాలి వదినా" అని నవ్వేవాడు.

ఇలా సిద్ధమవుతుండగా నాగపూర్ నుంచి ఒక కంపెనీ ఇంటర్వ్యూకి రమ్మని కవరు పంపింది. "ఏట్రా అది?" అన్నారు వాళ్ళ నాన్నగారు. "ఇంటర్వ్యూ కాల్ నాన్నా" అన్నాడు ఇతను.

రైలు నడిపేవాళ్ళ ఇళ్ళలో కాల్ అన్న మాటకి ఒకటే అర్థం. కాల్‌మాన్ వాకిట్లోకొచ్చి, ఫలానా బండికి ఫలానా టైముకి రావాలని చెప్పి సంతకం పెట్టించుకుంటాడు. సంతకం పెట్టాక ఆ బండి మీదే. నిద్రలో ఉన్నా లేవాలి, విస్తరి ముందున్నా లేవాలి. పిలిచినవాడు, పిలిపించుకుని వెళ్ళినవాణ్ణి చూసి నువ్వొద్దు పో అనడం అన్నది ఆ ఇళ్ళలో ఎవరూ కనీ వినీ ఎరగరు. అందుకని కొడుకు అన్న రెండు మాటల్లో మొదటిది ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

సాయంత్రానికి కాలనీ మొత్తానికి తెలిసిపోయింది. "మావోడికి కాల్ వొచ్చీసింది. నాగపూర్ల డూటీ" అని ఆయన స్వయంగా వరసంతా తిరిగి, పక్కనే ఉన్న మా గుమ్మంలో కూడా చెప్పి వెళ్ళారు. తను లైను మీదకి పట్టుకెళ్ళే రేకుపెట్టె కొడుక్కిచ్చి అందులో దుప్పటి, చెంబు, బియ్యం, పప్పు సర్దించారు. "అడుగుతారు నాన్నా, ఇంకా సెలక్షన్ అవ్వాలి" అని ఇతను మొత్తుకున్నాడు. "కాల్ ఇచ్చీసినాక మళ్ళీ సెలెచ్చనేట్రా, యెర్రోడా" అన్నారాయన.

ఇక కోటు. పక్కనే తార్‌బహార్ పేటలో మా కాలనీ అందరికీ బట్టలు కుట్టే టైలరు ఉండేవాడు. జీవితమంతా టీటీల నల్లకోట్లు కుట్టిన మనిషి. లోకంలో వేరే రకం కోటు ఒకటుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంటర్వ్యూకి కోటు కావాలంటే "అచ్ఛా, అచ్ఛా" అని కొలతలు తీసుకున్నాడు. నల్లగుడ్డ, పెద్ద పెద్ద జేబులు, రసీదు పుస్తకం పట్టేంత లోపలి జేబు, గుండె దగ్గర పేరుబిళ్ళ గుచ్చుకోడానికి చిన్న పట్టీ. జతకి తెల్లప్యాంటు కూడా కుట్టిస్తానంటే ఇతనే వద్దన్నాడట.

ఆ కోటు తొడుక్కుని, చేతిలో బ్రీఫ్‌కేసుతో పొద్దున్నే నాగపూర్ బండెక్కాడు. ఏం జరిగిందో తనే వచ్చి చెప్పాడు, చెబుతూ తనే నవ్వాడు. ఆ గుణం చాలామందిలో ఉండదు. రాయపూర్ దాటేసరికి బోగీలో సగంమంది అతని చుట్టూ మూగారట. సీటు కావాలి సాబ్, కిటికీ పక్కది కావాలి సాబ్, మా ముసలమ్మ నిలబడలేదు సాబ్. "నేను టీటీని కాను" అంటే ఎవరు నమ్ముతారు? చివరికి విసిగిపోయి "నేను ఫిజిక్స్‌లో డాక్టర్ని" అన్నాడట. వెనక నుంచి ఎవరో హిందీలో "పొద్దున్నే వేసుకొచ్చినట్టున్నాడు, వదిలెయ్యండి" అన్నారట. వదలరు కదా. దుర్గ్ నుంచి గోందియా దాకా ఎవరెవర్ని ఎక్కడ కూచోబెట్టాలో సర్దుతూనే ఉన్నాడు. అసలు టీటీ వచ్చి చూసి, భుజం తట్టి, నీది ఏ డివిజనని అడిగాడట.

రెండు రోజులకి రేకుపెట్టె మోసుకుంటూ తిరిగొచ్చాడు. తీసుకెళ్ళిన బండి అప్పగించేసి, పనేమీ లేకుండా మామూలు ప్రయాణికుడిలా ఇంటికి తిరిగొచ్చే డ్రైవర్ని మా దగ్గర స్పేర్ వచ్చాడు అంటారు. వాళ్ళ వరండాలో కూచుని పేపరు చదివే రిటైర్డు గార్డుగారు ఒకరుండేవారు, తెలుగు తాతలందరికీ తాత. ఆయన కళ్ళద్దాల మీంచి చూసి, "ఏటి బావూ, స్పేర్ వొచ్చీసినావా?" అన్నారు. ఆ పేరు అతనికి అలాగే అంటుకుపోయింది. ఆ తర్వాత రాయపూర్ వెళ్ళొచ్చినా, జబల్‌పూర్ వెళ్ళొచ్చినా ఎవరూ ఉద్యోగం వచ్చిందా అని అడగలేదు, స్పేరేనా అని అడిగేవారు.

వాళ్ళ నాన్నగారికి మాత్రం ఇది వేళాకోళం కాదు. ఆయన నిజంగా మండిపడ్డారు, కొడుకు మీద కాదు, కంపెనీ మీద. "కాల్ ఇచ్చినోడు బండి ఇవ్వాల. బండి నేకపోతే కాలెందుకిచ్చినట్టు? మనిసిని అంత దూరం లాగి ఒట్టి సేతుల్తో పంపీడానికి ఆళ్ళకేటి అధికారం?" అన్నారు. యూనియన్‌లో చెబుతానన్నారు. మేమంతా పడీపడీ నవ్వాం. ఆ మొత్తం వ్యవహారంలో న్యాయంగా మాట్లాడింది ఆయనొక్కడేనని నాకు చాలా ఏళ్ళకి గానీ తోచలేదు.

కంపెనీలవాళ్ళు అనేది ఎప్పుడూ ఒకటే. మీరు మాకు ఎక్కువ. ఇంత చదివినవాళ్ళు మా దగ్గర ఎన్నాళ్ళుంటారు? ఒకచోట ఫ్యాక్టరీ అనుభవం లేదన్నారు. ఇంకోచోట "ఈ వెలుగు మా సిమెంటుకి ఏం పనికొస్తుంది?" అని అడిగారు. ఇతను దాన్ని తిరిగి చెప్పి, రెండు విధాలుగా చూసేలోపు తర్వాతివాణ్ణి పిలిచారు. గార్డుగారు అంతా విని, "బ్రాడ్‌గేజి ఇంజను నేరోగేజి మీద ఎక్కదు బావూ. ఇంజను తప్పు కాదు, పట్టాల తప్పూ కాదు" అన్నారు. "మరెవరి తప్పండీ?" అన్నాను. "తోలినోడిది" అన్నారు. ఆ చదువుకి తోలింది వాళ్ళ నాన్న డ్రైవరుగారే కాబట్టి ఆ మాట అక్కడితో ఆపాం.

అప్పుడు పెట్టాం మేం ఉత్తుత్తి ఇంటర్వ్యూ బోర్డు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ వరండాలోనే. గార్డుగారు చైర్మను, నేను ఇంగ్లీషు, మా ఆయన టెక్నికల్. అభ్యర్థి తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని ఇంగ్లీషులో అడిగి రావాలి. వరండాకి తలుపు లేదు గనక స్తంభాన్ని తట్టేవాడు. గార్డుగారి మొదటి ప్రశ్న ఎప్పుడూ "పెళ్ళయినాదా?" రెండోది "ఎందుకవలేదు?" కంపెనీలవాళ్ళు అవి అడగరండీ అంటే, "ఇంట్ల కుదురు నేనోడు డూటీల కుదురుగుంటాడేటమ్మా" అని నా నోరు మూయించేవారు. మా ఆయన ప్రశ్నలన్నీ డీజిల్ ఇంజను పంపుల గురించే ఉండేవి. ఇండస్ట్రీకి ఇంతకన్నా బాగా ఎవరు తయారు చెయ్యగలరు?

ఒక ఆదివారం నేను, "అసలు నువ్వు కనిపెట్టిందేమిటో అత్తయ్యగారికి అర్థమయ్యేలా చెప్పు, అప్పుడు ఎవరికైనా చెప్పగలవు" అన్నాను. వాళ్ళమ్మగారిని అత్తయ్యగారు అనేదాన్ని. అతను చెప్పలేదు. కొట్లోంచి కలకండ పొట్లం తెప్పించాడు, మా ఆయన దగ్గర కటింగ్ ప్లేయరు అడిగి తీసుకున్నాడు. నన్నూ వాళ్ళమ్మగారినీ వంటింటి వెనక బొగ్గుల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి, సందుల్లో గోనెపట్టాలు దోపాడు. పట్టపగలు, బయట మండే ఎండ, లోపల కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. కళ్ళకి చీకటి అలవాటు పడాలి, మాట్లాడకండి అన్నాడు. ఒళ్ళంతా చెమట్లు, చీరంతా బొగ్గుపొడి. ఇతనికి పెళ్ళెందుకు కాలేదో గార్డుగారికి నేనే చెప్పగలనని అనుకుంటున్నాను.

అప్పుడు ప్లేయరు నొక్కాడు. కలకండ పటుక్కుమంది. ఆ చప్పుడులోనే నీలంగా చిన్న మెరుపు మెరిసి పోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మెరిసింది. నాకు ఒళ్ళు జల్లుమంది. ఎన్నేళ్ళుగా ఆ కలకండ నమిలాను, అందులో అది ఉందని నాకెవరూ చెప్పలేదు. చీకట్లో అతని గొంతు మారిపోయింది. ప్రశ్న తిరిగి చెప్పడం, రెండు విధాలుగా చూడడం ఏమీ లేవు. "చూశారా వదినా, పగిలేటప్పుడు మాత్రమే. ముందు ఉండదు, తర్వాత ఉండదు" అన్నాడు. ఆ ఒక్క పూట అతను ఇండస్ట్రీ మనిషి కాదు, చాలా బావున్నాడు.

అత్తయ్యగారు, "ఓలమ్మ, బాగుందిరా. మరి దీన్ని అమ్ముతారేటి?" అన్నారు. అతను నిట్టూర్చి తలుపు తీశాడు. "కంపెనీలవాళ్ళూ ఇదే అడుగుతారు" అన్నాడు.

ఈలోగా వాళ్ళ నాన్నగారి రిటైర్‌మెంటు దగ్గరపడింది. ఆయన దిగిపోతే క్వార్టరు వదిలెయ్యాలి. ఊరి చివర లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కన ఒక గది చూసిపెట్టుకున్నారు. ఆ ఒక్క గదిలో ముగ్గురూ ఉండాలి, ఆ ముగ్గురిలో ఒకడికి ముప్ఫయ్యేళ్ళు దాటి సంపాదన లేదు. రైల్వే పరీక్షలు రాయడానికి వయసు మించిపోయింది, ఆ వయసంతా డాక్టరేట్ తినేసింది. నాన్నగారు పైకి ఏమీ అనేవారు కాదు. కానీ డ్యూటీ దిగి ఇంటికొచ్చేటప్పుడు గోడలవైపు చూసుకుంటూ వచ్చేవారు, ఎక్కడ సున్నం రాలిందో ఎక్కడ మేకు కొట్టిందో. అది చూసినప్పుడల్లా ఇతను బ్రీఫ్‌కేసు పట్టుకుని బయటికి పోయేవాడు.

అప్పుడొచ్చింది దుర్గ్ అవతల ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి కబురు. కరెంటు స్తంభాలకి పెట్టే పింగాణీ పిడతలు చేస్తారట. అవి ఎంత బరువుకి పగులుతాయో పరీక్షించే దగ్గర ఒక మనిషి కావాలి. బీఎస్సీ చాలు. అంటే పగలగొట్టడమే పని. అయిదేళ్ళు చేసింది అదేనని చెబితే ఎంత బావుండును. చెబితే ఉద్యోగం రాదని అప్పటికి మాకందరికీ తెలుసు.

"డాకటరేటు కట్ చేసీ" అన్నారు గార్డుగారు. "ఎనకాల బోగీ కట్ చేసీసి బండి పంపీమూ? అలగే. తేలిగ్గా పోతాది."

కట్ చెయ్యడం తేలికే, దరఖాస్తులో ఆ ముక్క రాయకపోతే సరి. కానీ మధ్యలో అయిదేళ్ళ కన్నం పడుతుంది. ఆ అయిదేళ్ళూ ఏం చేశావని అడిగితే ఏం చెప్పాలి? కొట్టు పెట్టానని చెప్పమన్నారు మా ఆయన. జబ్బు చేసిందని చెప్పమన్నాను నేను. అతను ఒప్పుకోలేదు. "చెయ్యని పని చేశానని చెప్పను వదినా. ఏమీ చెయ్యలేదని చెబుతాను" అన్నాడు. అబద్ధాల్లో కూడా అతనికి నాణ్యత కావాలి. సరేనని నేనే ఇంగ్లీషు వాక్యం కూర్చి ఇచ్చాను. ఐ వజ్ ఐడిల్, సర్. ఖాళీగా ఉన్నాను సర్. నాలుగు ముక్కలు. మా నాలుగో తరగతి పిల్లలు ఒక్క పూటలో వల్లించేస్తారు.

అతని వల్ల కాలేదు. ఆదివారం వెనక ఆదివారం స్తంభం తట్టి వచ్చేవాడు, కూచునేవాడు, గార్డుగారు అడిగేవారు. "ఐ వజ్ ఐడిల్ సర్, బట్" అనేవాడు. "బట్ ఒద్దు" అనేవారు గార్డుగారు. మళ్ళీ మొదలు. "ఐ వజ్ ఐడిల్ సర్, ఆల్దో" అనేవాడు. కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఒకడు ఏళ్ళతరబడి ఏ కష్టమూ లేకుండా ఖాళీగా ఉంటున్నాడు. ఆ సంగతి చెప్పుకోడానికి ఇంత అవస్థ పడినవాణ్ణి ఇతన్నే చూశాను. ఆ మాటే అన్నాను కూడా.

మొదటిసారి అతనికి కోపం వచ్చింది. "ఖాళీగా ఎలా ఉంటాను వదినా? దీపావళికి రాలేదు, అమ్మకి ఆపరేషనైతే రాలేదు. పొద్దున్నే చీకటిగదిలోకి వెళ్తే బయట వానొచ్చిందో ఎండొచ్చిందో తెలిసేది కాదు. ఒక్క మెరుపు సరిగ్గా దొరికితే ఆ రోజు గడిచినట్టు. దొరక్కపోతే మళ్ళీ రేపు. మీకేం, ఖాళీగా ఉన్నానని చెప్పు అంటారు" అన్నాడు.  లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.  అతనే గొంతు దగ్గర సవరించుకుని, "సారీ. ప్రొఫెషనల్‌గా ఉండాలి. మళ్ళీ అడగండి గార్డుగారూ" అన్నాడు. ఆయన మళ్ళీ అడిగారు. ఈసారి బట్ లేకుండా చెప్పాడు.

ఉద్యోగం వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో అతను బాగా కుదురుకున్నాడని, అక్కడే మెల్లగా పైకి వచ్చి అక్కడే రిటైరయ్యాడని విన్నాను. అమ్మానాన్నల్ని దగ్గరే పెట్టుకుని బాగా చూసుకున్నాడట. పేరు ముందు డాక్టరన్న మాట మళ్ళీ ఎన్నడూ పెట్టుకోలేదట, పెళ్ళి శుభలేఖలో కూడా. ఇవన్నీ విన్నవి. నేను చూసింది మాత్రం అతను కబురు పట్టుకుని వచ్చిన సాయంత్రం.

వరండాలో మేమంతా ఉన్నాం. నాన్నగారు అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, ఇంకా బూట్లు విప్పకుండా మెట్టు మీద కూచున్నారు. దరఖాస్తులో ఏం తీసేశారో, వరండాలో ఏం వల్లించారో ఆయనకి తెలీదు. ఆయన లైను మీద ఉన్నప్పుడే అంతా నడిచింది. ఇతను నిలబడే చెప్పాడు, చేతులు ఊపుకుంటూ, ఆ ఫ్యాక్టరీ మేనేజరులా గొంతు మార్చి.

"అయిదేళ్ళు ఏం చేశావయ్యా అన్నాడు. ఖాళీగా ఉన్నాను సర్ అన్నాను. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు వదినా. వెంటనే జాలిపడ్డాడు. తల్లిదండ్రుల తిండి తింటూ అయిదేళ్ళు కూచోడానికి సిగ్గులేదూ అన్నాడు. ఉంది సర్ అన్నాను. నీలాంటివాళ్ళని నలుగుర్ని దారిలో పెట్టాను, ఒళ్ళొంచి పనిచేస్తే బాగుపడతావు అన్నాడు. అలాగే సర్ అన్నాను. పరీక్షల దగ్గర కాస్త లెక్కలవీ ఉంటాయి, భయపడకు, మెల్లగా వస్తాయి అన్నాడు. ప్రయత్నిస్తాను సర్ అన్నాను."

గార్డుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను, నేను నేర్పిన ఇంగ్లీషులో ఒకడికి అన్నం పెట్టిన వాక్యం అదొక్కటే మరి. చదువుకున్నానంటే అడుగడుగునా దానికి ఉపయోగం చూపించమన్నారు. ఖాళీగా ఉన్నానంటే ఎవరూ ఏ రుజువూ అడగలేదు. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు, నవ్వి తుడుచుకున్నారో మరెందుకో నేను అడగలేదు.

నాన్నగారు నవ్వలేదు. మొదట్నుంచి చివరిదాకా విన్నారు. ఒక బూటు విప్పి పక్కన పెట్టారు. రెండోది విప్పబోయి ఆగి, కొడుకు వైపు తలెత్తి చూశారు. కోపం లేదు ఆ మొహంలో. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

"అయితే మరి ఆ అయిదేళ్ళూ సదివినోడెవుడ్రా?"

 ఇతను నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ మేం నేర్పిన జవాబులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, వాటిలో ఒక్కటీ తీయలేదు. చాలాకాలంగా ఇంట్లో కూడా మాట్లాడడం మానేసిన వాళ్ళ సొంత యాసలోనే, మెల్లగా చెప్పాడు.

"ఆడికి ఉద్యోగం రానేదు నాన్నా."